బంగారి పెట్టుకున్న పడమటి కిటికీ

అనగనగా, మోదుగులు ఎర్రగా విరగబూసే ఒక అడవిలో, వాగు ఒడ్డున బంగారి అనే ముంగిస ఉండేది. దాని మొగుడు సింగన్న. ఎండాకాలంలో బంగారికి పిల్లలు పుట్టబోతున్నారు. అందుకని ఇద్దరూ కొత్త మట్టిల్లు కట్టుకుంటున్నారు. గోడలు లేచాయి. ఇక కిటికీలే మిగిలాయి.

పక్క గుడిసెలో ఉండే అత్తగారు వచ్చి చూసింది.

"అమ్మాయ్, తొందరపడకు. ఒక పగలంతా ఈ గోడల మధ్య కూర్చో. ఎండ ఎటు పడుతుందో, గాలి ఎటు నుంచి వస్తుందో చూసుకుని అప్పుడు పెట్టు కిటికీ" అంది.

బంగారికి అంత ఓపిక ఎక్కడిది! బాట పడమటి వైపు ఉంది. ఆ బాటన పోయేవాళ్లందరూ ఆగి తన ఇల్లు చూడాలి. పొరుగున ఉండే నెమలి వదిన ఇంటికీ అటే ఉంది కిటికీ.

"ఇంత పెద్దది పెట్టయ్యా" అని చేతులు బారచాపి చూపించింది.

"ఇది కిటికీయా, ఏనుగుకి వాకిలా?" అని నవ్వాడు సింగన్న. అయినా పెట్టాడు. ఆ ఒక్కటే పెట్టాడు.

ముగ్గురు పిల్లలు పుట్టారు. రోహిణి కార్తె వచ్చింది. పొద్దు వాలేసరికి ఎండ ఆ కిటికీలోంచి పొయ్యి సెగలా లోపలికి కొట్టింది.

బంగారి మొదట ఆకుల తెర కట్టింది. సాయంత్రానికి అది ఎండి గలగలా రాలిపోయింది.

తర్వాత వట్టివేళ్ల తడక కట్టి నీళ్లు చల్లింది. తడి ఉన్నంతసేపూ చల్లగా ఉండేది. ఆరిందా, మళ్లీ అదే సెగ. కుండ మోసి మోసి సింగన్న అరికాళ్లు బొబ్బలెక్కాయి.

"ఏమే, నేను పిల్లలకి తండ్రినా, తడకకి నౌకరునా?" అన్నాడు పాపం.

వాగు సన్నబడింది. ఒకనాడు కుండ నిండక సింగన్నకి ఆలస్యమైంది. తడక ఆరిపోయింది. కడగొట్టుది పాలు ముట్టలేదు, తల వాల్చేసింది. బంగారి పిల్లల్ని ఒక్కొక్కరినే నోట కరుచుకుని అత్తగారి గుడిసెకి చేర్చింది.

లోపల ఎంత చల్లగా ఉందో! తడకా లేదు, నీళ్లూ లేవు. దక్షిణపు కిటికీలోంచి గాలి వచ్చి, ఎదురుగా ఉత్తరపు కిటికీలోంచి పోతోంది. తూర్పున చిన్న కిటికీ. పడమట మందపాటి గోడ. కాసేపటికి కడగొట్టుది కళ్లు తెరిచి పాల కోసం వెతుక్కుంది.

బంగారి కళ్లొత్తుకుంది. "నన్ను తిట్టు అత్తా."

"తిట్లకేం తొందరే, ముందు పాలివ్వు" అంది అత్తగారు, కోడలి తల నిమురుతూ. "సూర్యనారాయణమూర్తి మనకి పెద్ద చుట్టం. పొద్దున్నే తూర్పు కిటికీలోంచి దణ్ణం పెట్టి సాగనంపాలి. సాయంత్రం దాకా ఇంట్లో కూర్చోబెట్టుకుంటే తట్టుకోవడం ఎవరి తరం?"

మర్నాడు సింగన్న పిల్లల్ని చూసుకుంటుంటే, అత్తాకోడళ్లు పగలంతా కొత్తింట్లో కూర్చుని ఎండనీ గాలినీ చూశారు. గాలి వచ్చే వైపు ఒక కిటికీ, పోయే వైపు ఒకటి తెరిచారు. పడమటిదాన్ని మట్టితో పూడుస్తుంటే అత్తగారే కోడలి చెయ్యి పట్టుకుంది.

"ఉండవే. బాట చూసే ముచ్చట ఎందుకు పోగొట్టుకోవాలి? చూరు కింద నీ ముక్కు పట్టేంత కన్నం ఉంచు."

పిల్లలు ఇంటికొచ్చారు. మధ్యాహ్నం కాగానే సింగన్న అలవాటుగా కుండ ఎత్తుకున్నాడు.

"ఎక్కడ చల్లమంటావే?"

"ఎక్కడా వద్దయ్యా. వచ్చి కూర్చో" అంది బంగారి.

సింగన్న కుండ దించి చతికిలబడ్డాడు. చల్లగాలికి కడగొట్టుది తండ్రి తోక మీదే నిద్రపోయింది.

నీతి: కిటికీ దారిన పోయేవాళ్ల మెప్పు కోసం కాదు, ఇంట్లో ఉండేవాళ్ల సుఖం కోసం. ఎండనీ గాలినీ చూసి కట్టుకున్న ఇంట్లో చాకిరీ తక్కువ, హాయి ఎక్కువ.