ఊటకాలువ దగ్గర ఒక్కడు

"నీళ్లు పంచడానికి ఇంతమంది ఎందుకు గురువుగారూ? ఏ ఆశా లేని మనిషి ఒక్కడుంటే చాలదా?"

విరూపాక్షి ఈ మాట అడిగినప్పుడు ఆత్మారామయ్యగారు ఆశ్రమం వాకిట్లో కూర్చుని కందులు ఏరుతున్నారు. ఆయన వాదించే గురువు కారు. ఎవరేం అడిగినా వాళ్ల చేతికి ఏదో ఒక పని అప్పజెప్పి పంపేసేవారు. కొందరికి జవాబు ఆ పనిలో దొరికేది, కొందరికి నడుంనొప్పి మిగిలేది.

విరూపాక్షి ఊరికే అడగలేదు. ఆశ్రమం ఉన్న దిబ్బ కిందే ఏరు. మాఘమాసం దాటిందంటే అందులో ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డు దాకా తెల్లటి ఇసుక తప్ప నీటిచుక్క కనబడదు. కానీ ఆ ఇసుకను నడుములోతు తవ్వితే చల్లటి నీరు మెల్లగా ఊరుతుంది, లోపల ఎవరో తలుచుకుని తలుచుకుని కన్నీరు పెట్టినట్టు. ఏటి నడుమ నుంచి పొలాల దాకా అలా తవ్వుకున్నదే ఊటకాలువ. మూడు పల్లెల పైర్లకు అదే ఆధారం. కాలువ పొలాల్లోకి చేరేచోట నీళ్లకుండ ఒకటి ఉంటుంది. అందులో ఒక ఇత్తడి గిన్నె. గిన్నె అడుగున సన్నని బెజ్జం. తేలుతూ తేలుతూ అది నిండి మునిగిందంటే ఒకరి వంతు అయిపోయినట్టు. అప్పుడు వాళ్ల చేలోకి నీళ్లు పోయే మడవ కట్టేసి నీళ్లను పక్కవాళ్ల చేలోకి తిప్పాలి. గిన్నె చూసేవాడు పార పట్టకూడదు, పార పట్టేవాడు గిన్నె వంక చూడకూడదు. తర్వాతి వంతువాళ్లు ముందే వచ్చి కాలువలో దిగి నిలబడాలి. ఇది తాతల నాటి కట్టుబాటు.

అందుకే పొద్దు పొడవకముందే అక్కడ గోల మొదలయ్యేది.

"ఏం సుంకన్నా, నీ వంతు వచ్చేసరికి గిన్నెకు బెజ్జం పూడిపోతాదా ఏంది? మునగనే మునగదు!"

"నన్ను జూస్తే దానికి ప్రేమ వదినా. నిన్ను జూస్తే భయపడి మునిగిపోతాది."

ఇక నవ్వులు, శాపనార్థాలు. విరూపాక్షికి ఇరవై రెండేళ్లు. మౌనాన్ని వెతుక్కుంటూ ఆ దిబ్బ మీదికి వచ్చినవాడు. వేకువలో పాలు పరిచినట్టున్న ఆ ఇసుకను చూస్తే అతనికి గుండె నిండిపోయేది. అంతలో కింది నుంచి ఈ అరుపులు. పొలం లేదు, పెళ్లాం లేదు, తనకు ఒకడెక్కువా ఒకడు తక్కువా కాదు. తానొక్కడే ఆ కుండ దగ్గర కూర్చుంటే ఎంత ప్రశాంతంగా జరిగిపోతుంది!

ఆత్మారామయ్యగారు చేటలో కందులు ఒక పక్కకు జరిపారు. "సరే. ఈ పైరు కోసేదాకా ఆ గిన్నే పారా రెండూ నువ్వే పట్టుకో. నేను చెప్పానని చెప్పు."

పల్లెలవాళ్లు కాదనలేదు. "చిన్నసామే కూర్చుంటే ఇంక మాకేం దిగులు?" అని సుంకన్న చేతులు జోడించాడు. అందరూ దండాలు పెట్టి ఇళ్లకు వెళ్లిపోయారు. ముసలి ఓబుళమ్మ మాత్రం ఆగింది.

"చిన్నసామీ, అన్నిటికన్నా కొసన ఉండేది నా మడి. అరెకరా రాగులు. అది పండితేనే నాకూ నా మనవరాలికీ ఏడాది గింజలు. నన్ను మరిచిపోవాకు నాయనా."

"మరిచిపోను అవ్వా."

మరిచిపోలేదు కూడా. గిన్నె మునిగిన క్షణానికి మడవ తిప్పాడు. ఒకరికి చారెడు ఎక్కువ లేదు, ఇంకొకరికి చారెడు తక్కువ లేదు. మొదటి మూడు రోజులూ అతను కోరుకున్నట్టే గడిచాయి. గాలి ఇసుక మీద ముగ్గులు వేసి చెరిపేది. నీరు సన్నగా పాడుకుంటూ పోయేది.

నాలుగోరోజు నుంచి ఏదో వెలితి. ఎవరూ రావడం లేదు. ఎందుకు వస్తారు? వాళ్ల వంతు ఎటూ పోదని వాళ్లకు తెలుసు. దూరాన బాటమీద మనిషి అలికిడైతే విరూపాక్షి లేచి నిలబడేవాడు. ఆ మనిషి అక్కడి నుంచే ఒక దండం పెట్టి సాగిపోయేవాడు. ఇదివరకు గొర్రెల కాపరి కాటమయ్య మందను తెచ్చి కాలువలో నీళ్లు తాపి, నాలుగు వేళాకోళాలాడి పోయేవాడు. ఇప్పుడు చిన్నసామి ధ్యానానికి అడ్డమెందుకని మందను అటుగా చుట్టు తిప్పి తోలుకుపోతున్నాడు. రోజంతా విరూపాక్షితో మాట్లాడేది ఆ గిన్నె ఒక్కటే. మునిగేటప్పుడు 'బుడుక్' మనేది. ఆ చప్పుడు కోసం చెవులు రిక్కించి కూర్చోవడం అతనికి అలవాటైపోయింది. ఒకనాడు మడవ తిప్పి, "ఇంక నీ వంతు సుంకన్నా" అని ఖాళీ పొలంతో గట్టిగా అన్నాడు. తన గొంతు తనకే ఎవరిదోలా వినిపించి తల దించుకున్నాడు.

రెండోవారం దాటాక ఓబుళమ్మ వచ్చింది. దండం పెట్టలేదు.

"సామీ, నీ లెక్క తప్పని నేననను. కానీ నా వంతు ముగిసేసరికి నీళ్లు నా గట్టు కూడా తాకలేదు. మూడు తడులు ఇంతే. పైరు పొట్ట మీదుంది. ఇంకొక్క తడి తప్పితే వెన్ను బయటికి రాదు."

అతను వెళ్లి చూశాడు. రాగిచేను ఆకులు చుట్టుకుని ముసలమ్మ వేళ్లలా ఉన్నాయి. గిన్నె అదే, బెజ్జం అదే, వేళా అదే. మరి నీరెటు పోయింది? కాలువ వెంబడి ఏట్లోకి నడిచాడు. నడుములోతు ఉండాల్సిన కాలువ జానెడు మిగిలింది. తక్కినదంతా ఇసుక. పైన ఒకచోట దరి తెగి కూలి, ఊరిన నీరంతా మళ్లీ ఇసుకలోకే ఇంకిపోతోంది. ఇన్నాళ్లూ అతను తరిగిపోతున్న నీటిని అందరికీ సరిసమానంగా పంచుతూ వచ్చాడు.

పార పట్టి కాలువలో దిగాడు. ఒక గంప ఎత్తిపోస్తే రెండు గంపలు జారి పడ్డాయి. పొద్దున తవ్వింది మధ్యాహ్నానికి పూడింది. చేతులు బొబ్బలెక్కి అక్కడే కూలబడ్డాడు. చుట్టూ చూశాడు. ఎటు చూసినా అదే తెలుపు, అతను ప్రేమించిన తెలుపు. ఇప్పుడది చూస్తే భయమేసింది.

"ఎవరైనా ఉన్నారా?" అని అరిచాడు. ఆశ్రమానికి వచ్చిన తర్వాత అతను అరవడం అదే మొదలు. ఇసుక ఆ కేకను తిరిగి ఇవ్వను కూడా ఇవ్వలేదు.

కాసేపటికి ఒడ్డు మీద కాటమయ్య కనబడ్డాడు. "ఏంది సామీ, ఇప్పుడొచ్చినావు? ఆ దరి తెగి పది దినాలాయె."

"నీకు తెలుసా? మరి చెప్పలేదేం?"

"నువ్వుండావు గదా. నీకు తెలియకుండా ఉంటాదా అనుకుంటి. మునుపైతే సుంకన్నను కేకేసి చెప్తాంటి. వాడు నా గొర్రెల్ని తిడతాండె, నేను వాళ్ల నాయన్ను తిడతాంటి, ఆ గోలకు నలుగురు పారలెత్తుకొని వస్తాండ్రి."

"మరి ఈ ఇసుక? రోజూ తీసేది ఎవరు?"

కాటమయ్య నవ్వాడు. "ఎవురూ తీయరు సామీ. వంతుకొచ్చినోళ్లు గిన్నె మునిగేదాకా కాలువలో ఊరికే నిలబడతారా? నోట్లో తగవు నోట్లోనే ఉంటాది, కాళ్లు ఇసుకను తోస్తానే ఉంటాయి. పొయ్యేటప్పుడు తలా ఒక గంప గట్టు మీదికి ఎత్తేసి పోతారు. దానికి పనని పేరు గూడా లేదు."

రెండేళ్లుగా దిబ్బ మీద నుంచి చూస్తూనే ఉన్నాడు. ఒక్కరోజు కూడా వాళ్ల కాళ్ల వంక చూడలేదు.

ఆ సాయంత్రం గురువు ముందు నిలబడి, "నేనెవరికీ అన్యాయం చేయలేదు, అయినా ఓబుళమ్మ చేను ఎండుతోంది" అన్నాడు. ఆత్మారామయ్యగారు, "నాతో ఎందుకు? వాళ్లతో చెప్పు" అని మాత్రం అన్నారు.

అతను మూడు పల్లెలూ గడప గడపకూ తిరిగాడు. తప్పు తనదేనని, కాలువ పూడిందని, తన ఒక్కడి వల్ల కాదని చెప్పాడు. ఎవరూ ఒక్క మాట అనలేదు. తలలు వంచుకుని విన్నారు. ఆ మర్యాద అతనికి దెబ్బకన్నా ఎక్కువ తగిలింది.

మరునాడు తెల్లారేసరికి నలభైమంది కాలువలో దిగారు. రెండోనాటి పొద్దు తిరిగేసరికి నీళ్లు కొసమడిని తాకాయి. ఓబుళమ్మ చేలో సగం తేరుకుంది. మిగతా సగం పశువులకు గడ్డి అయింది. ఆ సగాన్ని అతను దిబ్బ మీద గురువు పక్కన నిలబడి చూశాడు. కిందికి పోవడానికి మొహం చెల్లలేదు. పైన ఉండటానికి మనసు ఒప్పలేదు.

కింద సుంకన్న నడుం నిమురుకుంటూ దిబ్బ వైపు తలెత్తాడు. "ఓ విరూపాక్షీ! యాడుండావబ్బీ? ఇన్ని దినాలు కాలువంతా పూడబెట్టి, ఇప్పుడు దిబ్బెక్కి సినిమా సూస్తాండావా? నీ గంప ఎవురు మొయ్యాల, మీ పెద్దసామా?"

నలభైమందీ పగలబడి నవ్వారు. ఓబుళమ్మ నవ్వు అన్నిటికన్నా పైన వినబడింది. విరూపాక్షి చెవులు ఎర్రబడ్డాయి.

"గురువుగారూ, నన్ను తిడుతున్నారు" అన్నాడు మెల్లగా.

"వినబడింది. పేరు పెట్టి తిడుతున్నారు" అన్నారు ఆత్మారామయ్యగారు. "ఇంకా ఇక్కడే నిలబడ్డావేం?"