పచ్చికకు గడప

రాజుగారి పచ్చికలో ఎంత పీకినా ముళ్ళ పల్లేరు మొలుస్తూనే ఉంది. "ఆ గింజలు తెస్తున్న దొంగను పట్టుకో. వాడి చేతే పీకిస్తా!" అని ఆయన ముసలి తోటమాలి నూకాలమ్మ మీద మండిపడ్డారు.

మర్నాడు ఆమె పచ్చిక అంచున ఒక చెక్క వేసి, పసుపు రాసి బొట్లు పెట్టింది. షికారు నుంచి వచ్చిన రాజుగారు గడప కనబడగానే అలవాటుగా చెప్పులు విడిచి లోపల అడుగుపెట్టారు. ఆ తర్వాత ఆగి చుట్టూ చూశారు.

"గోడలే లేని చోట గడపేమిటమ్మా?"

నూకాలమ్మ ఆ చెప్పులు తిరగేసి చూపించింది. అడుగు నిండా పల్లేరుకాయలు గుచ్చుకుని ఉన్నాయి.

రాజుగారి ముఖం చిన్నబోయింది. "అయితే ఆ దొంగ నేనేనా?"

"మీరెందుకవుతారు బాబూ? దొంగలివిగో, దొరికాయిగా. పీకిద్దామంటే పాపం, వీటికి చేతుల్లేవు."

రాజుగారు పకపకా నవ్వి, పట్టుచొక్కా చేతులు పైకి మడుచుకుని ఆమె పక్కనే చతికిలబడ్డారు.