గడ్డివామి పక్కన ఆవం

పూరిగుడిసెల్లో ఉండేవాళ్ళు గ్రామపెద్ద ఎన్నికలో ఓటుగా చింతగింజ వెయ్యకూడదని ఒక రాజ్యంలో చట్టం పెట్టారు. కిందటి ఎన్నిక మర్నాడు గుడిసెలో ఉండే కుమ్మరి ఓబులమ్మ వెళ్ళి మొర పెట్టుకుంటే, "అంతా అయిపోయాక వస్తే నేనేం చెయ్యను?" అన్నాడు ధర్మాధికారి. ఈసారి ముందే వెళ్ళింది. "నిన్నింకా ఎవరూ ఆపలేదుగా. ఆపాక రా," అన్నాడు.

ఎన్నిక రేపనగా, ఓబులమ్మ ఆయన గడ్డివామిని ఆనుకుని కుండలు కాల్చే ఆవం పేర్చింది. మండే కొరివి చేతబట్టుకుని నిలబడింది. ధర్మాధికారి పరుగున వచ్చాడు.

"ఆర్పవే, వామి అంటుకుంటుంది."

"ఇంకా అంటుకోలేదుగా అయ్యా. అంటుకున్నాక రండి."

"బూడిదయ్యాక వచ్చి ఏం చేసుకోను?"

"నేనూ అదే అడగాలనుకున్నానయ్యా."

గాలి వామి వైపు తిరిగింది. ఒక నిప్పురవ్వ ఆయన కాళ్ళ దగ్గర పడింది. ఓబులమ్మ చెయ్యి కదల్లేదు.

"సరే, నీ మొర వింటాను," అన్నాడు ఆయన.

"ఎప్పుడయ్యా?"

"ఇప్పుడే."

గుడిసెల వాళ్ళూ గింజ వెయ్యవచ్చని అక్కడే, గడ్డివామి పక్కనే తీర్పు చెప్పాడు. చివరి మాట దాకా విని, అప్పుడు ఓబులమ్మ కొరివిని నీళ్ళకుండలో ముంచింది.