కొమురయ్య పేరున్న చరణం

కవి లింగమూర్తికి ఒక అలవాటుంది. పాటలో ఎవరి పేరైనా వస్తే, ఆ మనిషి ఎదుట పాడిన తర్వాతే దాన్ని సభకు తీసుకెళతాడు. తిట్టిన పాటకైనా ఇదే పద్ధతి. ఈ పద్ధతి వల్ల ఆయన దెబ్బలు తిన్న సంగతి మానేరు ఒడ్డు పల్లెల్లో అందరికీ తెలుసు.

శిష్యుడు తిరుమలేశ్‌కు ఇది నచ్చలేదు. ఆ వారం పత్తి మిల్లు గోదాములో మంటలంటుకొని పోసాని అనే కూలీ చనిపోయింది. గోదాము తలుపుకు బయటి నుంచి తాళం వేసి ఉంది. వేసిందెవరో పోలీసులు తేల్చలేదు. తిరుమలేశ్ రాసిన పాట తేల్చేసింది: వాచ్‌మన్ కొమురయ్య. మర్నాడే మిల్లు ముందు సంతాప సభ.

"పాటంటే పంచనామానా సారూ? రాసిన ప్రతి మాటకూ కవి సాక్ష్యం చెప్పాల్నా?" అని అడిగాడు శిష్యుడు.

లింగమూర్తి టీ గ్లాసు కింద పెట్టాడు. "చెప్పులేసుకో" అన్నాడు.

కొమురయ్య ఇంటి తలుపు పట్టపగలే మూసి ఉంది. గురువు గొంతు గుర్తుపట్టాకే కొమురయ్య భార్య గడియ తీసింది. తిరుమలేశ్ నిలబడి, డప్పు లేకుండా, పాట మొత్తం పాడాడు. పేరు వచ్చిన చోట ఆమె పిల్లలను లోపలికి లాక్కుంది.

"దరువు మంచిగున్నది" అన్నాడు కొమురయ్య. "నేను తాళమేస్తుంటే సూసినవా?"

"లేదు. అందరంటున్నరు."

"అందర్ల ఒక్కల పేరు చెప్పు."

నిజానికి తిరుమలేశ్‌తో ఆ మాట ఎవరూ అనలేదు. మిల్లు పేరు పెడితే దరువు తప్పింది, కొమురయ్య పేరు సరిగ్గా అతికింది.

"ఏసింది నేను గాదు. నువ్వు నమ్మకున్నా సరే, రేపు పాడు. నేనచ్చి ముందట్నే కూసుంట. కొట్టేటోళ్లు ఆడనే కొడ్తరు. ఇంటిమీదికి రారు."

మర్నాడు సభకు జనం బాగా వచ్చారు. పోసాని తమ్ముళ్లు జెండా కర్రలు పట్టుకొని నిలబడ్డారు. మిల్లు యజమాని రాలేదు, మేనేజరును పంపాడు. ఆయన వేదిక మీద కుర్చీలో ఉన్నాడు. కొమురయ్య ఉతికిన చొక్కా వేసుకొని ముందు వరసలో నేల మీద కూర్చున్నాడు. ఆయన పక్కన ఎవరూ కూర్చోలేదు.

తిరుమలేశ్ పాట ఎత్తుకున్నాడు. జనం వంత పాడారు. ఆ చరణం దగ్గర ఆగిపోయాడు. డప్పు కాసేపు ఒంటరిగా మోగి, అదీ ఆగింది.

"ఏందన్నా, మర్సినవా?" అని జనంలోంచి ఎవరో అరిచారు.

"మర్వలే, అమ్ముడువోయిండు! మిల్లోళ్లు మూట ముట్టజెప్పిండ్రు!"

ఒక జెండా కర్ర పైకి లేచింది. తిరుమలేశ్ మైకు వదల్లేదు.

"మర్వలే. తాళమేసిందెవరో నేను సూడలే. పాటల కొమురయ్య పేరు పెట్టిన. అది నేను కల్పించింది."

పెద్ద తమ్ముడు వేదిక వైపు దూకాడు. పోసాని తల్లి రాజవ్వ అతని కర్ర పట్టుకొని ఆపింది.

"మరి నా బిడ్డ మీద తాళమేసిందెవడు?"

ఆమె ఒక్కొక్క ముఖమే చూస్తూ వచ్చి, కుర్చీలో ఉన్న మేనేజరు దగ్గర ఆగింది. జనం తలలు అటు తిరిగాయి. అప్పటిదాకా నేల చూపులు చూస్తున్న కొమురయ్య కూడా తల ఎత్తి అటే చూశాడు. మేనేజరు మంచినీళ్ల సీసా కోసం తడుముకున్నాడు.

తిరుమలేశ్ వేదిక దిగి గురువు దగ్గరకు వచ్చాడు.

"ఆ చరణం ఖాళీగ మిగిలింది సారూ" అన్నాడు.

"పొద్దుగాల రా" అన్నాడు లింగమూర్తి. "చెప్పులేసుకొని రా."