ఓబులేసు సైకిలు బేరం

ఓబులేసు సుంకమ్మవ్వ దగ్గర తత్వాలు నేర్చుకోకముందు సంగతి ఇది.

అతనికి గొంతు బాగుంటుంది. సాయంత్రం పూట మఠంలో తంబూరా మీటుతూ తత్వం ఎత్తుకుంటే, గుట్ట కింద గొర్లు తోలుకుపోయేవాళ్లు కూడా కాసేపు నిలబడి విని పోయేవాళ్లు. అయితే అతనికి వచ్చినవన్నీ అందరికీ వచ్చినవే. మఠాన్ని నిలబెట్టిన పెద్దగురువు చివరి రోజుల్లో కట్టిన తత్వాలు కొన్ని ఉన్నాయి. అవి ఒక్క సుంకమ్మవ్వకే తెలుసు. ఆమె నల్లమల అంచున ఇంకో చిన్న మఠంలో ఉంటుంది. బాగా పెద్దామె. ఫోనులో పాడమంటే, ఎదురుగా మనిషి ముఖం కనపడకపోతే తనకు చరణం గుర్తురాదని చెప్పింది.

కాబట్టి మనిషి పోవాల్సిందే. దారి పొడుగునా పాత గురువుల సమాధులున్నాయి. వాటికి మొక్కుకుంటూ సొంత కాళ్ల మీద పోవడం ఆ మఠం ఆనవాయితీ. వెనకటివాళ్లు నడిచిపోయేవాళ్లు. ఓబులేసు కరెంటు సబ్‌స్టేషన్‌లో ఆపరేటరు. నడిచిపోయి వచ్చేన్ని రోజులు సెలవు దొరకదు.

"సైకిలు తొక్కేది కూడా కాళ్లే కదప్పా" అన్నాడు గురువు నారెప్ప స్వామి.

ఆ మాటతో ఓబులేసుకు కష్టం మొదలైంది.

దూర ప్రయాణాలకు టూరింగ్ సైకిళ్లని వేరే ఉంటాయని అతనికి అప్పుడే తెలిసింది. వాటి బరువేమిటి, గేర్లేమిటి, ఎంత సామాను మోస్తాయి అని వాకబు చేశాడు. తెలిసినవాళ్లనీ తెలియనివాళ్లనీ అడిగాడు. ఒకాయన కొత్తది కొనమన్నాడు. ఇంకొకాయన పాతది చూసుకోమన్నాడు. డ్యూటీలో మీటర్ల ముందు కూర్చుని ఫోనులో సైకిళ్లు చూశాడు. శివరాత్రికి మొదలైన ఆలోచన మామిడిపళ్లు వచ్చే కాలానికి కూడా తెగలేదు. వానలు పడితే నల్లమల దారి కష్టం.

ఒక సాయంత్రం భజనలో అతను పాడుతూ పాడుతూ ఆగిపోయాడు. చిన్నప్పటినుంచీ పాడుతున్న తత్వమే. తర్వాతి మాట రాలేదు. తాళాలు వేసేవాళ్లు కొంచెంసేపు వేసి వాళ్లూ ఆపేశారు.

"యాడుండావప్పా?" అన్నాడు స్వామి.

ఓబులేసు తలొంచుకున్నాడు. "అనంతపురంలో సామీ. సైకిలు షాపులో."

అందరూ నవ్వారు. స్వామి నవ్వలేదు. భజన అయ్యాక అతన్ని పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

"నేను దాచుకున్న డబ్బుకు కొత్తదైతే మామూలు రకం వస్తుంది సామీ. అదే డబ్బుకు ఒకాయన దగ్గర పాతది ఉంది. చాలా మేలైన రకం. అదే రకం కొత్తగా కొనాలంటే నావల్ల కాదు."

"అట్లయితే పాతది తీసుకో."

"దాని లోపల ఏముందో ఎవరికి తెలుసు సామీ? ఫ్రేములో వెంట్రుకంత పగులున్నా బయటికి కనపడదు. అడవిలో ఇరిగితే ఏంగాను?"

"అట్లయితే కొత్తది తీసుకో."

"ఘాటు రోడ్డు ఎక్కేటప్పుడు దాని గేర్లు చాలవంటారు."

స్వామి తన పంచె అంచుకు అంటుకున్న పల్లేరుకాయ ఒకటి తీసి పారేశాడు. "రేపు నేనూ వస్తా. పోయి చూద్దాం" అన్నాడు.

మర్నాడు ఇద్దరూ బస్సులో అనంతపురం పోయారు. ముందు షాపుకెళ్లారు. కొత్త సైకిలు ముదురు నీలం రంగులో, ఒంటినిండా ప్లాస్టిక్ కాగితం చుట్టుకుని నిలబడి ఉంది. షాపతను బ్రేకుల గురించీ వారంటీ గురించీ చెప్పుకుపోతున్నాడు. స్వామి అంతా విని, చెయ్యి చాపి బెల్లు ఒకసారి మోగించాడు.

"బెల్లు బాగుండాది" అన్నాడు.

అక్కడినుంచి పాత సైకిలు ఉన్న ఇంటికి నడిచారు. ఆ ఇంటాయన పేరు హంపయ్య. కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పి రిటైరయ్యాడు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ సెలవులొస్తే చాలు ఆ సైకిలు మీద చెట్లు చూడ్డానికి పోయేవాడు. ఇప్పుడు మోకాలు సహకరించడం లేదు. సైకిలు వరండాలో పాత దుప్పటి కింద ఉంది.

"చోటు తినేస్తాంది. ఎవరికన్నా ఇచ్చేయమని ఏడాదినుంచీ చెప్తాండా" అంది ఆయన భార్య కాత్యాయనమ్మ, మజ్జిగ గ్లాసులు తెచ్చి ఇస్తూ.

హంపయ్య దుప్పటి తీశాడు. ఓబులేసు సైకిలును తలకిందులు చేసి పెట్టాడు. చెయిను వేలితో ఎత్తి చూశాడు. చక్రం తిప్పి అది వంకరపోతుందేమోనని ఒక కన్ను మూసి చూశాడు. ఫ్రేము అతుకులన్నిటి మీదా గోరు పెట్టి రాశాడు. ఎంత చూసినా తప్పు దొరకలేదు. తప్పు దొరకనందుకు అనుమానం ఇంకా పెరిగింది.

"మీరు కూడా చూడండి సామీ" అన్నాడు.

స్వామి సైకిలు వైపు చూడలేదు. హంపయ్య వైపు చూశాడు.

"ఇది యాడయాడ నిలిచిపోయిందప్పా?"

బేరానికి వచ్చినవాళ్లు లోపాలు వెతకడం మామూలే కాబట్టి హంపయ్య మొదట తడుముకున్నాడు. "పెద్దగా ఎక్కడా... బాగానే నడిచింది" అన్నాడు. తర్వాత అబద్ధం చెప్పడం ఇష్టం లేనట్టు గొంతు సవరించుకున్నాడు. "ఆలూరు దాటినాక ఒకసారి చెయిను తెగింది."

"ఊ."

"చుట్టూ పత్తిచేన్లు. మనిషి లేడు. సైకిలు తోసుకుంటూ పోతే, పత్తినుంచి గింజ తీసే జిన్నింగు మిల్లు ఒకటి వచ్చింది. చెయిను అతికించేవాళ్లు తెల్లారేదాకా దొరకరని అక్కడి కాపలాదారు నన్ను పత్తిబోరాల మీద పడుకోబెట్టినాడు. అంత మెత్తగా నేను ఎప్పుడూ పడుకోలేదు." ఆయన నవ్వాడు. "తాడిపత్రి దగ్గర గుంతలో పడి రిమ్ము వంగింది. బండలు పాలీషు పట్టేవాళ్లు నాపరాయి మీద పెట్టి కొట్టి సరిచేసినారు. ఇదిగో, ఇప్పటికీ ఇక్కడ కొంచెం తెలుస్తుంది, చూడు."

ఓబులేసు చూశాడు. ఇందాక ఒక కన్ను మూసి చూసినప్పుడు తనకు కనపడలేదు.

"అహోబిలం నుంచి దిగేటప్పుడు బ్రేకు తీగ తెగింది. వాన. కాళ్లు నేలకు రాస్తూ దిగి, కింద ఊళ్లో ఒక పెళ్లిపందిట్లోకి దూరినా. పెళ్లికూతురువాళ్లు నన్ను పెళ్లికొడుకు తరఫు అనుకున్నారు. పెళ్లికొడుకువాళ్లు పెళ్లికూతురు తరఫు అనుకున్నారు. నువ్వెవరని ఎవరూ అడగలేదు. బొబ్బట్లు పెట్టినారు. పొద్దున లేచి వస్తాంటే పంచె కూడా పెట్టి పంపినారు."

"ఆ పంచె పెళ్లిలో పెట్టిందా?" అంది కాత్యాయనమ్మ. "కొన్నానని చెప్పినారే నాకు."

"నువ్వు తిడతావని."

ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. హంపయ్య ఇంకా చెప్పాడు. ఒక్కొక్క చోటూ చెప్తుంటే ఆయన ముఖం విప్పారుతోంది. ఓబులేసు చక్రం పట్టుకుని అట్లాగే కూర్చున్నాడు. తను సైకిలు చూడ్డానికి వచ్చినట్టు కాసేపు మర్చిపోయాడు.

చెప్పడం అయిపోయాక హంపయ్య సైకిలును నిలబెట్టి సీటు మీద చెయ్యి వేశాడు. చాలాసేపు తీయలేదు.

"ఏమనుకోవద్దు నాయనా" అన్నాడు ఓబులేసుతో. "నేను దీన్ని అమ్మను."

ఓబులేసు కాత్యాయనమ్మ వైపు తిరిగాడు. ఆమె ఏదో అంటుందని చూశాడు. ఆమె కింద పడి ఉన్న దుప్పటి తీసి, దులిపి, మడతపెట్టి చంకలో పెట్టుకుంది.

"వీధి చివరిదాకా పోయి రండి. అంతకంటే దూరం వద్దు" అంది భర్తతో.

హంపయ్య జాగ్రత్తగా ఎక్కి కూర్చుని ఒక కాలు తొక్కాడు, రెండో కాలు తొక్కాడు. సైకిలు కొంచెం ఊగి సర్దుకుంది. ముగ్గురూ గేటు దగ్గర నిలబడి ఆయన వీధి చివర మలుపు దాకా పోవడం చూశారు. తన చేతికి అందినట్టే అంది చేజారిన బండి అది. అయినా ఓబులేసు ముఖం మీద నవ్వు ఉంది. అది ఎప్పుడు వచ్చిందో అతనికి తెలియదు.

రోడ్డు మీదికి వచ్చాక అతనికి బాధేసింది.

"మీరు ఆ మాట అడక్కపోయుంటే ఆ బండి నాదయ్యేది సామీ."

"అయ్యేది" అన్నాడు స్వామి. ఒక తోపుడుబండి దగ్గర ఆగి ఉడకబెట్టిన చెనక్కాయలు కొన్నాడు. సగం ఓబులేసు చేతిలో పోశాడు.

తింటూ నడిచారు. ఇప్పుడు ఎంచుకోవడానికి ఒక్కటే మిగిలింది. ఇన్ని నెలలుగా తలలో తిరుగుతున్నది ఒక్కసారిగా ఆగినట్టయింది. ఇద్దరూ షాపుకు పోయి నీలం సైకిలు కొన్నారు. స్వామి బస్సెక్కాడు. ఓబులేసు కొత్త సైకిలు మీద ఊరికి వచ్చాడు. దారంతా ఎదురుగాలి. అయినా సైకిలు మెత్తగా నడిచింది. పొద్దు గుంకేవేళకు గుట్ట కనపడితే, ఇంకా కొంచెం దూరం ఉంటే బాగుండుననిపించింది.

మర్నాడే బయల్దేరతాడని మఠంలో అందరూ అనుకున్నారు. అతను బయల్దేరలేదు.

ముందు సైకిలుకు మంచి స్టాండు పెట్టించాలన్నాడు. అది అయ్యాక వర్షం కవరు తెప్పించాలన్నాడు. సీటుకూ ఫ్రేముకూ చుట్టిన ప్లాస్టిక్ కాగితం విప్పలేదు. పొద్దునా సాయంత్రం మెత్తటి గుడ్డతో తుడిచాడు. బయట ఉంచితే దుమ్ము పడుతుందని భజన హాల్లోకి తెచ్చి పెట్టాడు. ఒకరోజు మఠంలో ఆవులు చూసే ముత్యాలమ్మ గడ్డిమోపు దించి దానికి ఆనించింది. ఓబులేసు ఆమెను గట్టిగా కసిరాడు. ఎవరినీ పల్లెత్తు మాట అనే మనిషి కాదు అతను. ముత్యాలమ్మ మోపు ఎత్తుకుని అవతలికి పోయింది. స్వామి అరుగు మీద కూర్చుని అది చూశాడు.

ఇంతలో ఎవరో వచ్చి నంద్యాల దారిలో కొత్తగా కంకర పోస్తున్నారని చెప్పారు. టైర్లకింద నుంచి రాళ్లు ఎగిరి తగిలితే రంగు పోతుందని ఓబులేసు ఇంకొన్నాళ్లు ఆగాడు.

సుంకమ్మవ్వ ఫోను చేసింది. ఆమెకు చెవుడు కాబట్టి గట్టిగా మాట్లాడుతుంది. స్వామి ఫోను దూరంగా పట్టుకున్నా మాటలన్నీ వినపడుతున్నాయి.

"పిల్లోడు బయల్దేరినాడా నారెప్పా?"

"లేదక్కా. కంకర సర్దుకోవాలంట."

"ఏం సర్దుకోవాల?"

"కంకర."

ఆ కంకర సంగతి వదిలేసి ఆమె అంది, "నాకు మూడో తత్వంలో చివరి చరణం మాటికీ జారిపోతాందిరా. నిన్న పొద్దునంతా వెతుక్కుంటే దొరికింది. ఈరోజు ఉంది. తొందరగా పంపు."

ఓబులేసు స్తంభం పక్కన నిలబడి ఉన్నాడు. చేతిలో తుడిచే గుడ్డ ఉంది.

తెల్లవారి అతను ప్రయాణం కట్టాడు. వెనక క్యారియరుకు రెండువైపులా గోనెసంచులు వేలాడదీశాడు. వాటిలో బట్టలు, కొర్రల పిండి, పంపు, పంచరు సామాన్లు పెట్టుకున్నాడు. తంబూరాను పాత చీరలో చుట్టి పైన కట్టాడు. మఠంలో వాళ్లంతా గేటు దగ్గరికి వచ్చారు. ముత్యాలమ్మ కూడా వచ్చింది. సద్దిమూట తెచ్చి అతని చేతికిచ్చింది. అతను ఆమె ముఖం వైపు చూడలేకపోయాడు.

స్వామికి మొక్కాడు. సైకిలు మీద కాలు వేయబోయి ఆగాడు. గోనెసంచి మూల ఫ్రేముకు రాసుకుంటోంది. కాలు దించి, మెడలోని తువ్వాలు తీసి అక్కడ చుట్టాడు. మళ్లీ ఎక్కబోయాడు. రెండోవైపు కూడా రాసుకుంటోంది. దిగి, చుట్టుపక్కల ఇంకో గుడ్డ కోసం చూశాడు.

స్వామి అరుగు దిగి వచ్చాడు. వంగి, దారి పక్కనుంచి మొనతేలిన పలుగురాయి ఒకటి ఏరుకున్నాడు. సైకిలు దగ్గరికి వచ్చి ప్లాస్టిక్ కాగితం చించేశాడు. ఎడమచేత్తో హ్యాండిలు పట్టుకుని, కుడిచేత్తో రాయి ఆనించి, ఫ్రేము పైకడ్డీ మీద ముందునుంచి సీటు దాకా ఒక గీత గీశాడు. నింపాదిగా గీశాడు. కర్రుమని చప్పుడు వచ్చింది. నీలం రంగు లేచిపోయి కింద తెల్లటి లోహం మెరిసింది.

ఓబులేసుకు ఆ చప్పుడు తన ఎముక మీద గీసినట్టు వినపడింది. అతను గీత వైపు చూస్తూ ఏడుపు వస్తుందని కాచుకున్నాడు. అది రాలేదు. భుజాలు మాత్రం, ఏదో దించినట్టు, మెల్లగా కిందికి జారాయి.

స్వామి రాయి పారేసి చేతులు పంచెకు తుడుచుకున్నాడు.

"ఆ పని అయిపోయింది" అన్నాడు. "ఇంక పోయిరా."