ముడి వేసిన దుబ్బు

పలుగుకొండ ఆశ్రమంలో తాతస్వామిని ఏదైనా అడిగితే జవాబు దొరకదు, పని దొరుకుతుంది. మోక్షం సంగతి అడిగినవాణ్ణి బావిలో పూడిక తీయమన్నారు. మనసు నిలవడం లేదన్నవాడికి బస్తాడు చింతపండు ఇచ్చి గింజలు తీయమన్నారు. అందుకే తెలివైన శిష్యులు ఆయన ముందు నోరు మెదపరు. నరహరికి ఆ తెలివి లేదు.

నరహరి మొదట వచ్చింది స్వామి కోసం కాదు. అతను పక్షుల శాస్త్రం చదువుకున్నవాడు. నుదుట పసుపు చుక్క ఉండే ఒక చిన్న కౌజును వెతుక్కుంటూ తొమ్మిదేళ్ల కిందట ఆ కొండకు వచ్చాడు. తాతల కాలంలో ఎవరో చూసి బొమ్మ గీసిన పిట్ట అది. ఆ తర్వాత చూశామన్నవారు లేరు. అంతరించిపోయిందని పుస్తకాలన్నీ ఒప్పుకున్నాయి, ఇతనొక్కడే ఒప్పుకోలేదు. ఏటా మాఘమాసంలో వచ్చి నెలరోజులు ఆశ్రమంలో ఉండేవాడు. పగలంతా కొండవాలు మీది గడ్డిబీడు తిరిగి, సాయంత్రం స్వామి దగ్గర కూర్చునేవాడు. పిట్ట దొరకలేదు గాని గురువు దొరికారు.

ఆ ఏడు మాత్రం మార్గశిరంలోనే దిగాడు. చేతిలో ఒక కాగితం ఉంది. గడ్డిబీడును ప్రభుత్వం రాతి క్వారీకి ఇవ్వాలనుకుంటోందట. ఆ కౌజు అక్కడ ఉందో లేదో తేల్చి నరహరి సంతకం పెట్టాలి. లేదని రాస్తే మర్నాడే కొండమీదికి యంత్రాలు ఎక్కుతాయి. తొమ్మిదేళ్లలో ఒక్క ఈకైనా చూపలేనివాడు ఉందని ఎలా రాస్తాడు? లేదని రాయడానికి చెయ్యి రావడం లేదు. అయినవాళ్ల చావు కబురు తన చేత్తోనే రాస్తున్నట్టుంది అతనికి.

"స్వామీ, ఒకదాన్ని ఇక లేదని ఎప్పుడు అనవచ్చు?" అని అడిగాడు.

తాతస్వామి తలెత్తి పర్ణశాల కప్పు వంక చూశారు. "మొన్నటి వానలకు కప్పు కారింది. బోదగడ్డి కోతకు ఆడవాళ్లు పైకి వెళుతున్నారు. నువ్వూ వెళ్లి రెండు మోపులు తీసుకురా" అన్నారు.

నరహరికి ఒళ్లు మండింది. కాగితానికి గడువు ఎల్లుండి, ఈయనకేమో గడ్డి కావలసివచ్చింది! అదీగాక ఆ కోత అంటేనే అతనికి గిట్టదు. పాతికమంది ఆడవాళ్లు కేకలతో, పాటలతో, పరాచికాలతో బీడు హోరెత్తిస్తారని, ఆ గోలకు ఏ పిట్టా నిలవదని అతని లెక్క. అందుకే తొమ్మిదేళ్లూ కోత ముగిసి కొండ సద్దుమణిగాకనే వచ్చాడు. అయినా గురువు మాట కాదనలేక, మెడలో ఎప్పుడూ వేలాడే కెమెరాతోనే కొడవలి పట్టుకుని బయల్దేరాడు.

కోతలో అతని పనితనం గురించి ఎక్కువ చెప్పకపోవడమే మర్యాద. జాము పొద్దెక్కేసరికి అరచేతులు బొబ్బలెక్కాయి. కోత పెత్తనమంతా ఓబులమ్మ అనే పెద్దావిడది. ఆమె అతని మోపును కాలితో అటూ ఇటూ దొర్లించి, "ఇది ఇంటి కప్పుకా సామీ, పిచుక గూటికా?" అంది. అందరూ పగలబడి నవ్వారు. కోపం తెచ్చుకునే ఓపిక కూడా లేక నరహరీ నవ్వాడు.

అప్పుడే అతనికి కొస ముడి వేసిన గడ్డి దుబ్బొకటి కనిపించింది. అలాంటివి అతనికి కొత్త కాదు. కోసేసిన బీడులో అక్కడక్కడా ఒంటరిగా నిలిచిన ముడి దుబ్బులను ఏటా చూస్తూనే ఉన్నాడు. కొండదేవరకు మొక్కు కాబోలనుకుని, మొదటి ఏడే నోటుపుస్తకంలో అలాగే రాసిపెట్టుకున్నాడు. చదువుకున్నవాడు కదా, ఊరివాళ్ల నమ్మకాలను గౌరవించాలని ఎప్పుడూ దూరంగా తప్పుకుని నడిచేవాడు. ఇప్పుడూ చెప్పులు విడిచి, ఆ దుబ్బుకు భక్తిగా చేతులు జోడించాడు.

"ఎవురికి సామీ ఆ దండం?" అంది ఓబులమ్మ.

"దేవరకు వదిలిన గడ్డి కదమ్మా!"

ఓబులమ్మ కొడవలి కిందపడేసి నడుం మీద చేతులు పెట్టుకుంది. "దేవర యాడుండాది దాంట్లో? కౌజు పొదుగుతా ఉంది. కొడవలి తగల్తాదని కొస ముడేసి ఇడిసిపెడ్తాం. మా అవ్వ నాటి నుంచీ ఇంతే. పుష్యమాసానికి పిల్లల్ని తోలుకోని అవతలి కోనలోకి దిగిపోతాది. ఇన్నేండ్లు ఈ బీడంతా తిరిగితివి, ఒక్కపొద్దన్నా మమ్మల్ని అడగకపోతివే!"

నరహరి మోకాళ్ల మీద కూర్చుని, గడ్డి కొద్దిగా తొలగించాడు. లోపల గుప్పెడంత పిట్ట, రెక్కల కింద గుడ్లు దాచుకుని కదలకుండా కూర్చుని ఉంది. నుదుట పసుపు చుక్క. ఇంతమంది నవ్వులూ పాటలూ దానికి పుట్టినప్పటి నుంచి అలవాటే కాబోలు, కొత్తగా వచ్చిన ఇతని మొహాన్నే కాస్త అనుమానంగా చూసింది. నరహరికి కళ్లనీళ్లు ఆగలేదు. ఆపుకోవాలని కూడా అనిపించలేదు. రెండు ఫొటోలు తీసి, గడ్డి మళ్లీ మూసి లేచి చూస్తే, కొండవాలు పొడవునా ముడి దుబ్బులే.

అక్కడే ఒక బండ మీద కూర్చుని, బొబ్బలెక్కిన చేత్తో కాగితం మీద "ఉంది" అని రాసి సంతకం పెట్టాడు. అక్షరాలు వంకరపోయాయి. మోపు సంగతి మరిచిపోయి కొండ దిగి పరుగెత్తాడు.

"స్వామీ! పసుపుచుక్క కౌజు తిరిగి వచ్చింది!" అన్నాడు రొప్పుతూ.

తాతస్వామి అతని ఖాళీ చేతులు చూశారు, తడి కళ్లు చూశారు, ఆ తర్వాత నవ్వారు.

"అదెక్కడికి పోయిందని నాయనా, తిరిగి రావడానికి? వచ్చినవాడివి నువ్వు. కాళ్లు కడుక్కో, అన్నం తిందువుగాని."