గ్రంథశాలలో మురికి చేతులు

మణిగిరి గ్రంథశాల తాళంచెవిని మోయడానికి మూడు ఏనుగులు కావాలి, అదీ తక్కువ చేసి చెబితేనే. పుస్తకం చూడందే అన్నం ముట్టమన్న బడిపిల్లలను వెంటబెట్టుకొచ్చి, లోపలికి పంపమని బుట్టలల్లే సింగారమ్మ రాజుగారినే అడిగింది.

"మురికి చేతులు పడితే గ్రంథాలు నాశనమైపోతాయి ప్రభూ!" అని అడ్డుపడ్డాడు గ్రంథపాలకుడు గజపతయ్య.

"నిజమే బాబయ్యా. ఏ చెయ్యీ పడని గ్రంథం ఎంత చక్కగా ఉంటుందో ఒక్కటి చూపించండి. పిల్లలు చూసి బుద్ధి తెచ్చుకుంటారు," అంది సింగారమ్మ.

గజపతయ్య మీసం దువ్వి, తాతలనాటి తాటాకుల కట్ట విప్పాడు. ఎగిరిన పొడికి ఏడూళ్ళలో చీకటి పడింది. కట్టలో చెదపురుగులే తప్ప ఒక్క అక్షరం మిగల్లేదు.

సింగారమ్మ తొంగిచూసింది. "ఈ పురుగులు చేతులు కడుక్కునే వచ్చాయా బాబయ్యా? రోజూ ఎవరో ఒకరు తిరగేస్తుంటే ఇక్కడ కాపురం పెట్టేవా?"

రాజుగారు నవ్వలేదు. "గజపతయ్యా, చెంబుతో నీళ్ళు తే," అన్నారు. "పిల్లల చేతులు నువ్వే కడుగు."